నీటి మీట, నూనె మీట

తడి చేత్తో స్విచ్చి ముట్టుకోకూడదని ఊహ తెలిసిన నాటి నుంచీ పెద్దలు మనకు చెబుతూనే ఉంటారు. నీరు విద్యుత్తుకు దారి ఇస్తుంది, ఆ దారిలో మనిషి ఉంటే ప్రాణం పోతుంది – ఇది అందరికీ తెలిసిన లోకజ్ఞానం. అటువంటి నీటినే విద్యుత్తుకు అడ్డుగోడగా నిలబెట్టి, సరిగ్గా కావలసిన క్షణాన ఆ గోడనే తలుపుగా తెరిచి, లక్షల వోల్టులనూ లక్షల ఆంపియర్లనూ అందులోంచి పంపించిన ఇంజనీర్లు ఉన్నారంటే వినడానికి వింతగానే ఉంటుంది. నీటి కంటె ముందు నూనె ఈ కొలువులో చేరింది. ఈ రెండు ద్రవాలూ మీటలుగా మారిన కథ నూట పాతికేళ్ళ నాటిది. అందులో పిడుగులున్నాయి, అణుబాంబులున్నాయి, మూత్రపిండాల్లో రాళ్ళున్నాయి, చివరికి మన చేల గట్లమీద ఉండే మోటారు స్టార్టరు డబ్బా కూడా ఉంది.

ముందుగా ఒక చిన్న విభజన చేసుకుందాం. మీట చేసే పనులు రెండే. ప్రవహిస్తున్న విద్యుత్తును తెంచడం ఒకటి. ఆగి ఉన్న విద్యుత్తును వదలడం రెండవది. ఇంటి గోడమీది స్విచ్చి ఈ రెండు పనులనూ ఒకే వేలితో చేయించుకుంటుంది కనుక వాటి మధ్య ఉన్న తేడా మనకు తట్టదు. శక్తి పెరిగిన కొద్దీ ఆ రెండూ వేర్వేరు విద్యలవుతాయి. ద్రవాలు మొదట తెంచే పనికి వచ్చాయి. వదిలే పనికి రావడానికి మరో అరవై ఏళ్ళు పట్టింది.

రెండు చెక్క పీపాలు

పందొమ్మిదవ శతాబ్దం ముగిసే నాటికి విద్యుత్తును ఊళ్ళు దాటించి దూరాలకు పంపడం మొదలయింది. దూరం పెరగాలంటే వోల్టేజి పెరగాలి. వోల్టేజి పెరిగితే దాన్ని తెంచడం కష్టం. రెండు లోహపు మొనలను ఎడంగా లాగినంత మాత్రాన ప్రవాహం ఆగదు. వాటి మధ్య గాలి వేడెక్కి, అయనీకరణం చెంది, నిప్పుల వారధిలా వెలుగుతూ విద్యుత్తును మోస్తూనే ఉంటుంది. దీన్నే విద్యుచ్చాపం అంటారు. వేల వోల్టుల దగ్గర ఈ చాపం బారల పొడవున సాగి, గాలికి ఊగి, పక్క తీగలకు అంటుకునేది.

1901లో జె.ఎన్. కెల్మన్ అనే అమెరికన్ ఇంజనీరు దీనికొక ఉపాయం పన్నాడు. రెండు చెక్క పీపాలు తీసుకుని వాటిలో నూనె, నీరు నింపాడు. పీపాలకు మూతలు లేవు. రెండు లోహపు బద్దలను ఒక పిడికి కట్టి, ఆ పిడి తిప్పితే బద్దలు పీపాల్లోని స్పర్శల నుంచి విడిపోయేటట్టు అమర్చాడు. చాపం గాలిలో కాక ద్రవంలో పుట్టి ద్రవంలోనే చావాలని ఆయన సంకల్పం. 40 వేల వోల్టుల తీగ మీద, షార్టు అయితే 200 నుంచి 300 ఆంపియర్లు పారే చోట దీన్ని పెట్టారు. 1902 ఏప్రిల్ నుంచి 1903 మార్చి వరకూ అది పని చేసింది. చివరకు కొద్ది కొద్ది వ్యవధిలో మళ్ళీ మళ్ళీ తెంచవలసి వచ్చేసరికి నూనె అంటుకుని కాలిపోయింది. తరవాతి యాభై ఏళ్ళ ఆయిల్ బ్రేకర్ల చరిత్ర అంతా ఆ రెండు పీపాల్లోనే ఉంది – వాటి గొప్పా, వాటి ప్రమాదమూ.

నూనె చాపాన్ని ఎలా చంపుతుంది? దీపాన్ని నీళ్ళలో ముంచినట్టు చల్లార్చేస్తుందనుకుంటాం. జరిగేది అంతకంటె చమత్కారమైనది. చాపపు వేడికి దాని చుట్టూ ఉన్న నూనె విచ్ఛిన్నమై ఒక వాయు బుడగ ఏర్పడుతుంది. ఆ వాయువులో సుమారు 70 శాతం హైడ్రొజన్, మిగిలిన దానిలో చాలా భాగం ఎసిటిలీన్. హైడ్రొజన్ వేడిని గాలి కంటె దాదాపు ఏడు రెట్లు వేగంగా లాక్కుపోతుంది. అంటే చాపం తన్ను చంపే వాయువును తానే తయారు చేసుకుంటుంది. ఏకాంతర విద్యుత్తు ప్రతి అర్ధ చక్రానికీ ఒకసారి సున్నా గుండా వెళుతుంది కదా, ఆ సున్నా దగ్గర చాపానికి ఊపిరి ఆగుతుంది. ఆ తృటికాలంలో బుడగ చల్లబడి, చుట్టూ ఉన్న నూనె లోపలికి తోసుకువస్తే చాపం తిరిగి లేవలేదు.

ఈ రహస్యం తెలిశాక 1930ల నాటి ఇంజనీర్లు చాపాన్ని పెద్ద తొట్టిలో వదిలేయకుండా చిన్న గదిలో బంధించారు. చాపం పుట్టించిన వాయువు పీడనమే నూనెను అడ్డంగా చిమ్మి చాపాన్ని తెంచేటట్టు ఆ గదికి కన్నాలు పెట్టారు. దాని ఫలితంగా అమెరికాలో వేల లీటర్ల నూనె పట్టే పెద్ద తొట్టి బ్రేకర్లూ, ఐరోపాలో కొద్దిపాటి నూనెతో సరిపెట్టే బ్రేకర్లూ పెరిగాయి. మన దేశం రెండింటినీ వాడింది. సబ్‌స్టేషన్లలో పనిచేసిన పాతతరం వారికి 'ఎంఓసీబీ' అన్న మాట పరిచయమే – మినిమమ్ ఆయిల్ సర్క్యూట్ బ్రేకరు. దానిలో నూనె నల్లబడిందా, మట్టం తగ్గిందా, తేమ చేరిందా అని చూసుకోవడం వారి దినచర్యలో భాగం. గిన్నెలో నూనె పోసి, 2.5 మిల్లీమీటర్ల ఎడంలో రెండు గుండ్లను ఉంచి, ఎన్ని కిలోవోల్టుల దగ్గర నిప్పురవ్వ దూకుతుందో చూసే పరీక్ష నేటికీ ట్రాన్స్‌ఫార్మర్ నూనెకు చేస్తూనే ఉన్నారు. కొత్త నూనె వడగట్టక ముందు కనీసం 30, వడగట్టాక కనీసం 60 కిలోవోల్టులకు నిలవాలని భారతీయ ప్రమాణం చాలాకాలం కోరింది. వడపోతతోనే బలం రెట్టింపవుతుందంటే, నూనెలో తేలే ఒక్క నూలు పోగు, ఒక్క నీటి బొట్టు ఎంత పని చేస్తాయో ఊహించుకోవచ్చు.

సబ్‌స్టేషను దాకా వెళ్ళనక్కరలేదు. బావి మీద మోటారు ఉన్న రైతు కుటుంబాల్లో పెరిగిన వారికి 'ఆయిల్ స్టార్టరు' తెలుసు. ఆ ఇనప డబ్బా అడుగున ఉన్న చిన్న నూనె తొట్టిలో స్పర్శలు మునిగి ఉంటాయి. కెల్మన్ పీపాకు అది మునిమనవరాలు. నూనె తగ్గినా, వానాకాలం డబ్బాలోకి నీళ్ళు దిగినా స్పర్శలు కాలిపోతాయి. తడి నేలమీద నిలబడి ఆ మీట నొక్కబోయి ప్రాణాలు పోగొట్టుకున్న రైతుల వార్తలు మన జిల్లా పేజీల్లో ప్రతి ఏడూ కనిపిస్తూనే ఉన్నాయి. నూనె దోషం కాదది. ఎర్తింగు లేకపోవడం, మరమ్మతుకు మనిషి రాకపోవడం. అయినా శాస్త్రచరిత్ర చెప్పుకునేటప్పుడు ఆ లెక్కను పక్కన పెట్టకూడదు.

1960ల తరవాత శూన్యంలో తెంచే బ్రేకర్లు, సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువులో తెంచే బ్రేకర్లు క్రమంగా వచ్చి నూనెను పక్కకు నెట్టాయి. తెంచే పనిలో ద్రవాల వైభవం అక్కడితో తగ్గింది. అదే దశాబ్దంలో ఇంగ్లండులో మరో చోట వాటికి రెండవ జన్మ మొదలయింది.

తెంచడం కాదు, వదలడం

శక్తి వేరు, సామర్థ్యం వేరు. ఒక బస్తా ధాన్యాన్ని మేడమీదికి మోయడానికి గంట పట్టినా నిమిషం పట్టినా శక్తి ఒక్కటే. నిమిషంలో మోయగలిగిన వాడి సామర్థ్యం అరవై రెట్లు. కొద్దిపాటి శక్తిని నింపాదిగా కూడబెట్టి, అత్యల్ప కాలంలో ఒక్కసారిగా వదిలితే కళ్ళు చెదిరే సామర్థ్యం వస్తుంది. విల్లు ఎక్కుపెట్టేవాడు చేసేది ఇదే. లాగడం నెమ్మదిగా, వదలడం చిటికెలో. విద్యుత్తుతో ఈ పని చేసే విద్యకు పల్స్ పవర్ అని పేరు.

దీనికి కావలసిన ముడిసరుకు అప్పటికే సిద్ధంగా ఉంది. 1920ల్లో జర్మనీకి చెందిన ఎర్విన్ మార్క్స్, కెపాసిటర్లను పక్కపక్కన కట్టి నింపి, నిప్పురవ్వల సాయంతో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వరసలో కలిపి వదిలే పద్ధతి కనిపెట్టాడు. వంద కిలోవోల్టుల కెపాసిటర్లు ముప్పై ఉంటే ముప్పై లక్షల వోల్టులు వస్తాయి. రెండవ వాడు బ్రిటిష్ ఇంజనీరు ఆలన్ బ్లుమ్లైన్. స్టీరియో ధ్వనికి 1931లోనే పేటెంటు రాసిన మేధావి ఆయన. 1942 జూన్ 7న రాడారు పరీక్షిస్తున్న విమానం కూలి ముప్పై ఎనిమిదేళ్ళకే చనిపోయాడు. ఆయన పేరుమీద మిగిలిన 'బ్లుమ్లైన్ లైను' రెండు విద్యుత్ మార్గాలను జోడించి, నింపిన వోల్టేజి ఎంతో అంత వోల్టేజినీ చదరపు అంచులున్న పల్సుగా బయటకు ఇస్తుంది.

కొరవడింది మీట. ఇరవై ముప్పై లక్షల వోల్టులను పట్టి ఉంచి, సెకండులో వంద కోట్లవ వంతు అనే నానోసెకండులు కొన్నిటిలో మూసుకోవాలి. లోహపు బద్దలు కదిలే లోపల ఆ సమయం లక్ష సార్లు గడచిపోతుంది. కాబట్టి కదిలే వస్తువేదీ పనికిరాదు. బంధకాన్నే బద్దలు కొట్టాలి. దానిలోంచి మెరుపు దూకాలి. ఆ మెరుపే మీట.

ఆల్డర్‌మాస్టన్‌లో ఒక బృందం

ఇంగ్లండులో బర్క్‌షైర్ ప్రాంతంలో ఆల్డర్‌మాస్టన్ అనే చోట బ్రిటన్ అణ్వాయుధ పరిశోధన కేంద్రం ఉంది. అణ్వాయుధాలు వద్దంటూ 1958 ఈస్టర్ పండుగ నాడు లండన్ నుంచి వేలాది జనం నడిచి వెళ్ళింది దాని గేటు దగ్గరికే. ఆ గేటు లోపల, 1960ల మొదటి సంవత్సరాల్లో, జె.సి. మార్టిన్ అనే భౌతిక శాస్త్రవేత్త – సహచరులకు చార్లీ – ఒక చిన్న బృందంతో పని చేస్తున్నాడు. వారికి అప్పగించిన పని: బాంబు నమూనాలోని లోహం పేలుడు మందు దెబ్బకు లోపలికి కుంచించుకుపోతున్నప్పుడు, ఆ క్షణాన్ని ఎక్స్-కిరణాలతో ఫొటో తీయాలి. కదలిక చెరిగిపోకుండా ఉండాలంటే వెలుగు కొన్ని పదుల నానోసెకండులే ఉండాలి. మందపాటి లోహం గుండా దూసుకుపోవాలంటే లక్షల వోల్టులు కావాలి.

మార్టిన్ బృందానికి డబ్బు తక్కువ, చొరవ ఎక్కువ. చౌక సామానుతో, చేతిపనితో యంత్రాలు కట్టడం వారి పద్ధతి. మొదట్లో ఘన బంధకాలను మీటలుగా వాడారు. పాలిథీన్ పలకలకు సూదులతో ముందే గాట్లు పెట్టి, వోల్టేజి ఎక్కగానే ఆ గాట్ల దగ్గర పగిలేటట్టు చేసేవారు. బాగానే పగిలేది. పగిలాక మాత్రం ఆ పలక చెత్తబుట్టకే. ప్రతి ప్రయోగానికీ కొత్త పలక. వాయువులు పగిలినా అతుక్కుంటాయి, కాని వాటిని అధిక పీడనంలో బంధించాలి. ఈ రెంటికీ మధ్య ద్రవాలు నిలిచాయి. ఘనంతో పోల్చదగిన బలం ఉంది. వాయువులా గాయం మాన్పుకునే గుణమూ ఉంది. మెరుపు దూకి వెళ్ళాక ద్రవం తిరిగి కలిసిపోతుంది. మరుసటి ప్రయోగానికి అదే నీరు, అదే నూనె.

ఎంత వోల్టేజికి ద్రవం పగులుతుంది? సిద్ధాంతం జవాబు చెప్పలేదు. మార్టిన్ సిద్ధాంతం కోసం ఆగలేదు. చిన్నవీ పెద్దవీ తొట్లు కట్టి, వందల సార్లు పగలగొట్టి, అంకెలు పోగుచేసి, వాటికి సరిపోయే సూత్రాలు గీశాడు. వాటిలో ముఖ్యమైనది చాలా సులువైనది: ద్రవం తట్టుకునే విద్యుత్ క్షేత్రం కాలపు ఘనమూలానికి విలోమానుపాతంలో ఉంటుంది. అంటే వోల్టేజి నిలిచే సమయాన్ని ఎనిమిదో వంతుకు తగ్గిస్తే ద్రవం రెట్టింపు క్షేత్రాన్ని తట్టుకుంటుంది. వెయ్యో వంతుకు తగ్గిస్తే పది రెట్లు తట్టుకుంటుంది. లోహపు పలక వైశాల్యం పది రెట్లయితే బలం సుమారు ఐదో వంతు తగ్గుతుంది – గొలుసు పొడవు పెరిగితే బలహీనమైన లంకె ఎక్కడో ఒక చోట దొరికినట్టు. నీటిలో మరొక విశేషం బయటపడింది. ధన విద్యుత్తు ఉన్న పలక దగ్గర నీరు పగిలే క్షేత్రం, ఋణ పలక దగ్గర పగిలేదానిలో సగమే. పలకల ఆకారం ఎంచుకోవడంలో ఈ సంగతి ఇంజనీర్లకు గొప్ప ఆయుధమయింది.

ఈ సూత్రాలన్నీ పత్రికా వ్యాసాలుగా కాక టైపు కొట్టిన నోట్సుగా చేతులు మారాయి. హాస్యం కలిసిన వాటి శైలి కూడా ఆ రంగంలో ప్రసిద్ధం. అట్లాంటిక్ దాటి వెళ్ళి, అమెరికన్ ప్రయోగశాలల్లో ఫొటోకాపీల మీద ఫొటోకాపీలుగా బతికాయి. 1981లో పల్స్ పవర్ రంగానికి ఎర్విన్ మార్క్స్ పేర పురస్కారం ఏర్పడితే మొదటిది మార్టిన్‌కే దక్కింది. ఆ నోట్సు పుస్తక రూపంలో వచ్చింది 1996లో. మరి మూడేళ్ళకు, 1999లో, ఆయన కన్నుమూశాడు.

నీరే ఎందుకు?

నూనెను బంధకంగా వాడటం అర్థమవుతుంది. నీటిని ఎవరు నమ్ముతారు? ఇక్కడే కాలం తన పాత్ర పోషిస్తుంది.

నీటి రోధక స్థిరాంకం 80. ట్రాన్స్‌ఫార్మర్ నూనెది 2.2 ప్రాంతం. ఒకే పరిమాణం గల తొట్టిలో, ఒకే క్షేత్రం దగ్గర, నీరు నూనె కంటె ముప్పై అయిదు రెట్ల శక్తిని దాచుకోగలదు. పైగా నీటిలో విద్యుత్ తరంగం నెమ్మదిస్తుంది. ఒక నానోసెకండులో గాలిలో 30 సెంటీమీటర్లు పోయే తరంగం, నూనెలో 20 సెంటీమీటర్లు, నీటిలో 3.3 సెంటీమీటర్లు మాత్రమే పోతుంది. వంద నానోసెకండుల పల్సు కావాలంటే గాలిలో 15 మీటర్ల పొడవు మార్గం కట్టాలి. నీటిలో ఒకటిన్నర మీటరు పైచిలుకు చాలు.

మరి నీరు విద్యుత్తును పారనిస్తుంది కదా? నీటిలో విద్యుత్తును ప్రధానంగా మోసేది దానిలో కరిగిన లవణాల అయాన్లు. వాటిని తీసేస్తే నీరు మంచి బంధకమే – శాశ్వతంగా కాదు, కొంతసేపటికి. సెంటీమీటరుకు పది లక్షల ఓముల నిరోధం వచ్చేదాకా శుద్ధి చేసిన నీరు తనలో నింపిన విద్యుత్తును సుమారు ఏడు మైక్రోసెకండుల పాటు నిలుపుకోగలదు. ఇంట్లో దీపానికైతే అది లెక్కలోకి రాని కాలం. మైక్రోసెకండులో నింపి, దానిలో పదో వంతులో వదిలేసే యంత్రానికి అది యుగం. చిల్లి కుండలో నీళ్ళు తేవడం తెలివితక్కువ పని. అడుగు దూరమే నడవాల్సి ఉంటే చిల్లికుండ అయినా చాలు. బంధకం, వాహకం అని మనం బడిలో రెండు గళ్ళలో రాసుకున్న పదార్థాలు నిజానికి కాలాన్ని బట్టి గళ్ళు మారుతాయి. ఈ కథలో నాకు అన్నిటికంటె విలువైనదిగా తోచే పాఠం ఇదే.

మహా యంత్రాలు

ఆల్డర్‌మాస్టన్ విద్య అమెరికాలో మహాకాయం దాల్చింది. మార్టిన్ సహచరుల్లో ఒకరైన అయాన్ స్మిత్ 1960లలో అక్కడికి వెళ్ళి ఈ విద్యకు ముఖ్యవాహకుడయ్యాడు. న్యూ మెక్సికోలోని సాండియా ప్రయోగశాల 1968లో హెర్మిస్-2 అనే నూనె బ్లుమ్లైన్ యంత్రాన్ని నడిపింది. దాని వోల్టేజి కోటి ప్రాంతం. 1972 నాటికి మేరీలాండ్‌లో అరోరా లేచింది: నాలుగు భారీ నూనె బ్లుమ్లైన్లు, ఒక్కొక్క దానికి నూనెలోనే మూసుకునే మీట. ఆ మీటలు నాలుగూ దాదాపు ఒకే క్షణంలో మూసుకోవాలి. తనంతట తాను పగిలే ద్రవం అంత క్రమశిక్షణ పాటించదు కనుక, మధ్యలో మరో మొన పెట్టి, దానికి చిన్న తాడనం ఇచ్చి పగుళ్ళు మొదలుపెట్టే పద్ధతి వాడారు. అమెరికా నౌకాదళ పరిశోధనశాల గాంబుల్ యంత్రాలతో నీటి బాట పట్టింది. సోవియట్ యూనియన్‌లో ట్రొయిత్స్క్ దగ్గర ఎనిమిది నీటి మార్గాల ఆంగారా-5 వచ్చింది.

వీటన్నిటికీ శిఖరం సాండియాలోని జడ్ యంత్రం. 1985లో పీబీఎఫ్ఏ-2 పేరుతో పుట్టి, 1996లో రూపం మార్చుకుని, 2007లో పునర్నిర్మాణం పొందింది. బండిచక్రంలో ఆకుల్లా 36 మార్గాలు. అంచున నూనెలో మునిగిన మార్క్స్ కెపాసిటర్లు, వాటి లోపల నీటి వలయం, నడిమధ్య శూన్యం. కెపాసిటర్లలో నింపేది సుమారు 20 మెగాజౌళ్ళు – మన కరెంటు బిల్లు భాషలో ఐదారు యూనిట్లు. ఆ శక్తి మొదట నీటి కెపాసిటర్లలోకి చేరుతుంది; అక్కడి నుంచి లేసరు తాకిడితో మూసుకునే వాయు మీట గుండా నీటి మార్గంలోకి దూకుతుంది; చివర నీటిలోనే తమంతట తాము పగిలే మీటలు దాన్ని మరింత కుదించి సెకండులో కోటవ వంతుకు తెస్తాయి. ఒక్కో మెట్టు దగ్గర శక్తి కొంత తరుగుతుంది, సామర్థ్యం మాత్రం పెరుగుతూ పోతుంది. నడిమధ్యకు చేరేసరికి 2 కోట్ల 60 లక్షల ఆంపియర్లు. ఆ ప్రవాహపు అయస్కాంత బలం సన్నని తీగల పంజరాన్ని ఒక గీతగా నలిపేస్తుంది. 1998 నాటికే ఆ నలుగుడులోంచి 290 టెరావాట్ల ఎక్స్-కిరణాలు వచ్చాయి. ప్రపంచంలో ఉన్న విద్యుత్ కేంద్రాలన్నీ ఒక్కసారి కూడినా అంత సామర్థ్యం లేదు.

36 నీటి మార్గాలూ కోలాటంలో కర్రల్లా ఒకే దెబ్బ మీద పడాలి. తనంతట తాను పగిలే మీటను అలా నడిపించడానికి ఉపాయం – దాన్ని ఎంత వేగంగా నింపితే అంత కచ్చితంగా పగులుతుంది. మార్టిన్ సూత్రాలు చెప్పింది ఇదే. ఒకే మీటలో పక్కపక్కనే అనేక మెరుపులు పుట్టేటట్టు చేస్తే దారి వెడల్పయి, ప్రవాహం ఇంకా త్వరగా ఎక్కుతుంది. యంత్రం పేలిన మరుక్షణం మిగిలిన శక్తి నీటి పైతలం మీద నీలి మెరుపుల వలలా పాకుతుంది. పత్రికల్లో జడ్ యంత్రం ఫొటోగా అందరూ చూసేది ఆ దృశ్యమే. అసలు పని చేసిన మెరుపులు మాత్రం నీటి లోపల, ఫొటోకు అందకుండా, అప్పటికే ఆరిపోయి ఉంటాయి.

ద్రవం లోపల

ఇంతకీ ద్రవం పగిలేటప్పుడు లోపల జరిగేది ఏమిటి? వేగవంతమైన కెమేరాలు చూపినది ఇది: ఒక పలక మీది చిన్న మిట్ట దగ్గర క్షేత్రం తీవ్రమై, అక్కడి నుంచి చెట్టు కొమ్మల్లాంటి శాఖ బయలుదేరుతుంది. దీన్ని స్ట్రీమరు అంటారు. దాని మొన దగ్గర క్షేత్రం ఇంకా తీవ్రం కనుక అది తన దారి తానే తొలుచుకుంటూ సెకండుకు కిలోమీటర్ల వేగంతో ఎదుటి పలకను తాకుతుంది. తాకిన క్షణాన మీట మూసుకుంటుంది. కొమ్మ పుట్టుక గురించే వివాదం. ముందు సూక్ష్మమైన బుడగ పుట్టి, అందులోని ఆవిరిలో విద్యుత్తు చెలరేగుతుందని ఒక వాదం. ద్రవపు అణువుల నుంచే ఎలక్ట్రాన్లు నేరుగా ఊడివస్తాయని మరొకటి. నెమ్మదైన పల్సుల దగ్గర మొదటిది, అతివేగపు పల్సుల దగ్గర రెండవది నెగ్గుతున్నాయి. ఏ పరిస్థితికైనా చెల్లే ఒకే సిద్ధాంతం నేటికీ లేదు. అరవై ఏళ్ళుగా మహాయంత్రాలు కడుతున్నది ఇప్పటికీ అనుభవ సూత్రాల ఆసరాతోనే.

ద్రవపు మీటకు లోపాలూ ఉన్నాయి. మెరుపు వెనక బుడగలు, నూనెలో అయితే మసి మిగులుతాయి. అవి పోయేదాకా మీట బలహీనం. రోజుకు ఒకటి రెండు సార్లు పేలే యంత్రానికి ఫరవాలేదు కాని సెకండుకు వంద సార్లు కావాలంటే ద్రవాన్ని పీడనంతో పరుగెత్తించాలి. మెరుపు పుట్టించే అఘాత తరంగం సుత్తిదెబ్బలా తొట్టి గోడలను కొడుతుంది.

ఆ సుత్తిదెబ్బే వైద్యానికి వరమయింది. వాన చినుకులు అతివేగపు విమానాలను తాకినప్పుడు పుట్టే అఘాత తరంగాలను పరిశోధిస్తున్న జర్మన్ విమాన సంస్థ డోర్నియర్, వాటితో శరీరం లోపలి రాయిని పగలగొట్టవచ్చునా అన్న ఆలోచనకు వచ్చింది. 1980 ఫిబ్రవరి 7న మ్యూనిక్‌లో మొదటి రోగికి ఆ చికిత్స జరిగింది. దీర్ఘవృత్తాకారపు లోహపు గిన్నెలో ఒక నాభి దగ్గర నీటిలో నిప్పురవ్వ. రెండవ నాభి దగ్గర మూత్రపిండంలోని రాయి. కత్తి గాటు లేకుండా రాయి పొడి అయింది. ఆ తొలి లిథోట్రిప్సీ యంత్రాల గుండె కూడా నీటిలో పగిలే ఒక విద్యుత్ ఎడమే.

దేనికోసం?

ఈ కథలో అందరూ తప్పించుకునే ప్రశ్న ఇది. నీటి మీట పుట్టింది బాంబు ఫొటో కోసం. 1963లో గాలిలో, నీటిలో, అంతరిక్షంలో అణుపరీక్షలను నిషేధిస్తూ ఒప్పందం కుదిరాక, బాంబు పేలితే వెలువడే వికిరణానికి తమ క్షిపణుల్లోని పరికరాలు నిలుస్తాయో లేదో బాంబు లేకుండా తేల్చుకోవలసి వచ్చింది. హెర్మిస్, అరోరా కట్టింది అందుకే. అమెరికా 1992లో భూగర్భ పరీక్షలూ ఆపాక, ఉన్న బాంబులు పనికివస్తాయో లేదో చూసుకునే కార్యక్రమంలో జడ్ యంత్రం భాగమయింది. ప్లుటోనియం లోహం మహాపీడనంలో ఎలా ప్రవర్తిస్తుందో అక్కడ కొలుస్తారు.

అదే యంత్రం 2015లో వెలువడిన ఒక పరిశోధనలో, సూర్యుని లోపలి వేడిలో ఇనుము వెలుగును అంచనాల కంటె ఎక్కువగా అడ్డగిస్తుందని కొలిచి చూపింది. సూర్యుని గురించిన లెక్కల్లో ఉన్న ఒక చిక్కుకు అది సాయపడింది. కేంద్రక సంలీన ప్రయోగాలూ అక్కడే జరుగుతున్నాయి. ఒక వారం బాంబు కోసం, మరో వారం నక్షత్రం కోసం అదే నీరు పగులుతుంది. 'శాస్త్రం తటస్థం' అని తేల్చి పారేయడం సులువు. నాకు ఆ మాట పూర్తిగా నమ్మబుద్ధి కాదు. ఏ ప్రశ్నకు డబ్బు దొరికిందో ఆ ప్రశ్నకే మొదట సూత్రాలు పుట్టాయి. రాయి పగలగొట్టే యంత్రానికి దారి తీసింది కూడా యుద్ధవిమానాల పరిశోధనే. అయినా, బాంబుల గూటిలో కూర్చున్న మనిషి తన నోట్సును దాచక పంచిపెట్టాడు గనుకనే ఆ విద్య ఆస్పత్రికీ నక్షత్రశాలకూ పనికివచ్చింది. ఆ ఉదారతను కూడా లెక్కలో వేయాలి.

మన వైపు

మన దేశంలో భాభా అణు పరిశోధన కేంద్రం 1989లో కాళి అనే యంత్రాల వరుస మొదలుపెట్టింది. పేరు విని పత్రికలు దాన్ని క్షిపణులను బూడిద చేసే మరణకిరణంగా వర్ణించాయి. నిజానికది 'కిలో ఆంపియర్ లీనియర్ ఇంజెక్టర్' అనే పేరుకు పొడి అక్షరాలు. ఎలక్ట్రాన్ పుంజాలు, మైక్రోతరంగాలు, ఎక్స్-కిరణాలు పుట్టించే పల్స్ పవర్ సాధనం. ఈ విద్యకు విశాఖపట్నంలోని భాభా కేంద్రంలోనూ ఒక విభాగం ఉంది.

మరొక బంధుత్వం మన చేలలో ఉంది. పల్సు యంత్రాల కెపాసిటర్లలో కాగితపు పొరల మధ్య నింపడానికి ఎంతోకాలంగా ఇంజనీర్లు ఎంచుకున్న నూనె ఆముదం. దాని రోధక స్థిరాంకం 4.5 ప్రాంతం – ఖనిజ నూనెకు రెట్టింపు. ప్రపంచంలో ఆముదం ఎక్కువగా పండించేది మన దేశమే. అందులో గుజరాత్ మొదటిదయినా, నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట చేలకు ఆముదం తరతరాల పంట. వానాధారంగా ఎర్రనేలలో ఎదిగిన గింజ నుంచి తీసిన నూనెకూ నానోసెకండుల పిడుగుకూ చుట్టరికం ఉందంటే పండించిన రైతు నవ్వుతాడేమో!

ముందు కాలం ద్రవపు మీటలదేనా అంటే, చెప్పలేం. రష్యాలోని తోమ్స్క్ నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో వేల చిన్న మీటలు ఒక్కసారిగా మూసుకుని నేరుగా పొట్టి పల్సును ఇస్తాయి. కుదించే నీటి మెట్లు అక్కరలేదు. మరో వైపు, నూనెను గద్దె దింపిన సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకు సుమారు 24 వేల రెట్లని తేలింది. యూరోపియన్ యూనియన్ 2024లో చేసిన చట్టం 24 కిలోవోల్టుల దాకా కొత్త పరికరాల్లో 2026 నుంచి దాని వాడకానికి స్వస్తి చెప్పింది. శుభ్రమైన బంధకం కోసం వెదుకులాట మళ్ళీ మొదలయింది, ఆ వెదుకులాటలో గింజల నూనెలు కూడా ఉన్నాయి.

ద్రవానికి ఒక గొప్ప గుణం ఉంది: ఎంత పెద్ద మెరుపు చీల్చినా క్షణంలో కలిసిపోయి, ఏమీ జరగనట్టు మళ్ళీ నిండుగా నిలబడుతుంది. అది మీటకు మంచి గుణం. ఏ మెరుపు దేనికోసం దూకిందో గుర్తుపెట్టుకునే పని మాత్రం మనదే.